రెండు దారుల పద్యం గురించి చిన్నికి

పర్లాకిమిడి

చిరంజీవి చిన్నికి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. బరంపురంలో నర్సింగా, శ్రీకాకుళంలో బీఎస్సీయా అన్న నీ టెన్షన్ అర్థమైంది. కానీ చివర్లో రాసిన మాట దగ్గర ఆగిపోయాను. "మన వీధిలో ఎవరూ నర్సింగ్‌కి వెళ్లలేదు కదా, ఆ ఇంగ్లీషు పద్యంలో చెప్పినట్టు తక్కువమంది నడిచిన దారే మంచిది" అన్నావు. ముప్పై ఏళ్లు పిల్లలకు ఆ పాఠం చెప్పినదాన్ని. నిర్ణయం తీసుకునే ముందు దాన్ని ఇంకోసారి నిదానంగా చదవమ్మా.

అమెరికా కవి రాబర్ట్ ఫ్రాస్ట్ 1915లో అచ్చువేసిన "ది రోడ్ నాట్ టేకెన్" అది, ఇరవై పంక్తులు. పసుపుపచ్చటి అడవి అంటే వాళ్ల ఆకురాలు కాలం. మనకైతే మాఘ ఫాల్గుణాల్లో మహేంద్రగిరి వైపు చెట్లను తలుచుకో. దారి చీలినచోట ఒక మనిషి నిలబడ్డాడు. ఒక దారి పొదల్లోకి వంపు తిరిగేదాకా చాలాసేపు చూసి, రెండోది పట్టుకున్నాడు. దాని మీద గడ్డి ఎక్కువుంది, నడిచేవాళ్లు తక్కువ అన్నాడు. వెంటనే తనే మాట మార్చాడు: నిజానికి రెండూ దాదాపు ఒకేలా అరిగాయి, ఆ పొద్దున రెండింటి మీదా ఆకులు తొక్కిన మచ్చ లేకుండా పరుచుకుని ఉన్నాయి. నువ్వు పట్టుకున్న ఆ "తక్కువమంది నడిచిన దారి" మాట ఆఖరి పంక్తుల్లో వస్తుంది. అదీ, ఎన్నో ఏళ్లకు నిట్టూరుస్తూ ఇలా చెప్పుకుంటాను అంటూ.

ఫ్రాస్ట్‌కి ఎడ్వర్డ్ థామస్ అని ఇంగ్లండులో ఒక స్నేహితుడు. ఇద్దరూ కలిసి నడకకు వెళ్లేవారు. ఏ దారిన వెళ్లినా, రెండోదైతే ఇంకా బాగుండేదని థామస్ బాధపడేవాడట. అతన్ని మనసులో పెట్టుకునే ఫ్రాస్ట్ ఈ పద్యం రాశాడు. 1917లో థామస్ యుద్ధంలో పోయాడు. ఆ సంగతి తెలిసాక ఆ నిట్టూర్పు దగ్గర నా గొంతు ప్రతి ఏడూ తడబడేది.

నా సంగతి చెప్తాను. డిగ్రీ అయ్యాక విశాఖలో ఎంఏ సీటు వచ్చింది, ఇక్కడ బడిలో ఉద్యోగమూ వచ్చింది. అమ్మను వదల్లేక ఉండిపోయానని ఏళ్ల తరబడి అందరికీ చెప్పాను, నేనూ నమ్మాను. మొన్న ట్రంకుపెట్టె సర్దుతుంటే పాత కవర్లు రెండూ దొరికాయి. ఉద్యోగం కవరు పోస్టు ముద్ర ఆరు రోజులు ముందుది. ముందొచ్చింది, చేరిపోయాను. అంతే! అమ్మ కోసం అన్న కథ తర్వాత అల్లుకున్నది. అయినా ఆ బడిని నేను ప్రాణంగా చూసుకున్నాను, అది అబద్ధం కాదు.

1936లో మన ఊరు ఒడిశాలో కలిశాక గిడుగు రామమూర్తి గారు రాజమండ్రి వెళ్లిపోయారు. మా తాతగారు ఇక్కడే ఉండిపోయారు. రెండు ఇళ్లలోనూ తెలుగు నిలిచింది.

అందుకని వీధిలో ఎవరూ వెళ్లలేదన్నది లెక్కలోంచి తీసెయ్. పద్యంలో ఆ మనిషి చేసిన మొదటి పని మాత్రం నువ్వూ చెయ్యి, వంపుదాకా చూడు. బరంపురం వెళ్లి పెద్దాసుపత్రిలో ఓపీ దగ్గర ఒక పూట కూర్చో. కట్టు విప్పుతున్నప్పుడు వచ్చే వాసన నీకు పడుతుందా? కొండల నుంచి వచ్చిన సవర ముసలమ్మకు ఒడియా కూడా సరిగా రాకపోతే నర్సు ఎలా మాట్లాడుతోందో చూడు. నైట్ డ్యూటీ దిగిన అమ్మాయిని ఒక్కరినైనా పలకరించు. శ్రీకాకుళంలో కూడా అంతే, కాలేజీ గేటు చూసి వచ్చేయకు, ల్యాబ్‌లోకి వెళ్లు. మూడో ఏడు పిల్లల్ని అడుగు, తర్వాత ఏం చేస్తున్నారని. వంపు అవతల ఏముందో నీకే కాదు, మీ నాన్నకీ నాకూ కనపడదు. దాని కోసం రాత్రులు మేలుకోకు.

ఇంకొకటి. మొదటి దారిని ఇంకో రోజుకు అట్టిపెట్టుకున్నానంటూనే, మళ్లీ వస్తానో లేదోనని అనుమానపడతాడు ఆ మనిషి. నీ రెండు దారుల్లో ఏది మళ్లీ తెరుచుకుంటుందో కనుక్కో. దరఖాస్తు ఆఖరు తేదీలు, వయసు పరిమితి, ఫీజు వెనక్కి ఇస్తారా అన్నవి కాగితం మీద రాసుకో. మీ నాన్నతో మాట్లాడేటప్పుడు పద్యం తియ్యకు, ఆ కాగితం పెట్టు.

బరంపురం ఏ రోజు వెళ్తున్నావో ఫోన్ చెయ్యి. నేనూ వస్తాను, ఓపీ బయట బెంచీ మీద కూర్చుంటాను, నీకు అడ్డురాను.

మీ పెద్దమ్మ