ల్యాండ్‌లైన్ తీయించే ముందు: మేనల్లుడికి లేఖ

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. ఇంట్లో ల్యాండ్‌లైన్ తీయించేద్దామనుకుంటున్నానని రాశావు. తీయించు. నా ఉద్యోగమంతా టెలిఫోన్ ఎక్స్చేంజీలోనే గడిచింది కాబట్టి నేను వద్దంటానేమోనని నీకు అనుమానం. రాగి తీగల కాలం అయిపోయిందని నాకూ తెలుసు. నెదర్లాండ్స్, ఎస్టోనియా పాత నెట్‌వర్క్‌ను ఎప్పుడో మూసేశాయి. బ్రిటన్ 2027 జనవరి ఆఖరుకు గడువు పెట్టుకుంది. కానీ ఒక్క మాట గట్టిగా చెప్తాను. ఆ ఫోను ఇన్నేళ్ళుగా చేస్తున్న పనులన్నీ వేరేవాటికి అప్పగించి, అవి చేస్తున్నాయని నీ కళ్ళతో చూసుకున్నాకే రద్దు కాగితం మీద సంతకం పెట్టు.

అన్నిటికన్నా పెద్ద పని కరెంటు లేనప్పుడు మోగడం. ఎక్స్చేంజీలో పెద్ద బ్యాటరీలుంటాయి. అక్కడి నుంచి సుమారు 48 వోల్టుల డీసీ, మాట మోసే జత తీగల మీదే ఇంటిదాకా వస్తుంది. అందుకే ఇంట్లో కరెంటు పోయినా తీగతో ఉన్న ఫోను పనిచేసేది. (కార్డ్‌లెస్‌కు ఈ సుగుణం లేదు, దాని బేసుకు ప్లగ్గు కావాల్సిందే.) రాగి బదులు ఇప్పుడు వేసే ఫైబర్ అలా కాదు. గాజు పోగులోంచి వచ్చేది వెలుతురే తప్ప కరెంటు కాదు. ఆ వెలుతురును ఫోనుకు, ఇంటర్నెట్‌కు పనికొచ్చేలా మార్చే ఓఎన్‌టీ అనే పెట్టె, రౌటరు ఇంట్లో ఆగిపోయాయంటే ఫోను మూగబోతుంది. వాటికి చిన్న యూపీఎస్ పెట్టించు. కొనే ముందు రెండు పెట్టెల అడుగున అంటించిన లేబుల్ మీద వోల్టేజీ చూసుకో. చాలావాటికి 12 వోల్టులు, అన్నిటికీ కాదు.

పెట్టించిన రోజే మెయిన్ స్విచ్ ఆపి చూడు. రౌటరు మీద దీపాలు వెలుగుతున్నాయా? రిసీవర్ ఎత్తితే డయల్ టోన్ వస్తోందా? నీ మొబైల్ నుంచి కొడితే మోగుతోందా? మోగితే సరిపోదు, స్విచ్ అలాగే వదిలేసి యూపీఎస్ ఎంతసేపు నిలిచిందో గడియారం చూసి రాసుకో. టవర్ల బ్యాటరీలు కూడా కొంతసేపే ఆగుతాయి కాబట్టి, ఇంటి ఫోను ఇంటర్నెట్ మీదైతే మొబైల్ వేరే కంపెనీది ఉండేలా చూసుకో. రెండూ ఒకేసారి పోవడం అరుదు.

ఇక దాని బదులు ఏం పెట్టాలి? నువ్వు మొబైల్ చాలంటావు. నీకు చాలు. అక్కయ్య సంగతి వేరు. సిగ్నల్ హాల్లో కాదు, ఆమె పడుకునే మంచం దగ్గర, తలుపులేసి చూడు. స్నానాలగదిలోనూ చూడు, పెద్దవాళ్ళు జారి పడేది అక్కడే. సిగ్నల్ అందని చోట వైఫై కాలింగ్ ఆన్ చేస్తే పని జరుగుతుంది, కానీ అది కూడా రౌటరు మీద ఆధారపడేదే. పాత బటన్ ఫోను ఉంది కదా అని ఆమె చేతికిచ్చేయకు. చాలాచోట్ల 2జీ, 3జీ ఆపేస్తున్నారు, 4జీ మీద మాట్లాడే సదుపాయం (VoLTE) లేని ఫోను రేపు పనికిరాకుండా పోవచ్చు.

నన్నడిగితే ఆమెకు సిమ్ వేసే టేబుల్ ఫోను కొను. చూడ్డానికి ల్యాండ్‌లైన్‌లాగే ఉంటుంది, రిసీవర్ ఎత్తి పెద్ద బటన్లు నొక్కడమే. లోపల బ్యాటరీ ఉంటుంది, ఛార్జింగు కోసం ఎప్పుడూ ప్లగ్గులోనే ఉంచొచ్చు. చేతి అలవాటు మారదు. ఆ వయసులో అది చిన్న విషయం కాదురా.

లేదూ, పాత ఫోనే ఉండాలంటే రౌటరుకు ఏటీఏ అనే అడాప్టరు తగిలించి ఇంటర్నెట్ మీద మాట్లాడొచ్చు. అడాప్టరును గోడ సాకెట్‌కు కలిపి ఇంట్లో ఫోన్లన్నీ మోగించాలనుకుంటే మాత్రం, బయటి నుంచి వచ్చే లైనును ముందు విడదీయించు. ఎక్స్చేంజీ కరెంటు ఎదురొస్తే అడాప్టరు కాలిపోవచ్చు. వేలు పెట్టి తిప్పే డయల్ ఫోనైతే చాలా అడాప్టర్లకు దాని భాష అర్థం కాదు, అదీ గుర్తుంచుకో.

నంబరు సంగతి. చాలామంది ముందు పాత కనెక్షన్ రద్దు చేసి, తర్వాత నంబరు కావాలని తిరుగుతారు. రద్దయిన నంబరును బదిలీ చేయడం దాదాపు కుదరని పని. దరఖాస్తు కొత్త కంపెనీకి ఇవ్వాలి, పేరు, చిరునామా, ఖాతా నంబరు పాత బిల్లులో ఉన్నట్టే రాయాలి. ఇంటి నంబరును మొబైల్‌లోకి మార్చుకోవడం అమెరికాలో 2003 నుంచీ కుదురుతోంది, అన్ని దేశాల్లోనూ కుదరదు. ముందే అడుగు. కుదరకపోతే ఆ నంబరు కొన్నాళ్ళకు ఎవరికో పోతుంది, బ్యాంకు ఫోన్లు వాళ్ళకు వెళ్తాయి. అందుకని ఫోను పక్కన ఒక నోటు పుస్తకం పెట్టి, ఒకట్రెండు నెలలు ఎవరెవరు చేస్తున్నారో అక్కయ్యనే రాయమను. బ్యాంకు, ఇన్సూరెన్సు, ఆస్పత్రి, దూరపు బంధువులు, ఒక్కొక్కరికీ కొత్త నంబరు చెప్పి కొట్టేస్తూ రా.

ఆ లైను మీద ఇంకేమైనా బతుకుతోందా చూడు. దొంగల అలారం, లిఫ్టులో ఫోను, మెళ్ళో వేసుకునే ఎమర్జెన్సీ బటన్, ఫ్యాక్సు. ఇవి చాలావరకు టోన్లతో మాట్లాడతాయి. మాటను బాగా కుదించి పంపే ఇంటర్నెట్ లైన్ల మీద ఆ టోన్లు చెడిపోతాయి. కంపెనీవాళ్ళను పిలిచి ఎదురుగా టెస్టు చేయించు. ఇంటర్నెట్ ఆ రాగి తీగ మీదే డీఎస్ఎల్‌గా వస్తుంటే, ఫోనుతో పాటు అదీ పోతుంది.

ల్యాండ్‌లైన్ నంబరుకు ఒక చిరునామా కట్టుబడి ఉండేది. అత్యవసరంలో అవతలివాళ్ళకు ఇల్లు తెలిసేది. మొబైల్ చెప్పేది ఇంచుమించు చోటు మాత్రమే. ఇంటర్నెట్ ఫోనైతే ఖాతాలో నువ్వు రాసిన చిరునామానే చూపిస్తుంది, ఇల్లు మారితే దాన్ని మార్చాల్సింది నువ్వే. అక్కయ్యకు తన చిరునామా ఫోనులో గబగబా చెప్పడం అలవాటు చెయ్యి. ఫోను మీద పెద్దక్షరాలతో రాసి అంటించు. ఇన్నాళ్ళూ ఆమెకు రాని మెసేజీలు, లింకులు ఇప్పుడు వస్తాయి. ఓటీపీ ఎవరడిగినా, నేనడిగినా సరే, చెప్పొద్దని కూర్చోబెట్టి చెప్పు.

ఇవన్నీ అయ్యాక ఒక నెల పాత లైను, కొత్త ఫోను రెండూ నడవనీ. ఆ అద్దె దండగ అనుకోకు. అప్పుడు రద్దుకు రాతపూర్వకంగా ఇచ్చి తేదీతో రసీదు తీసుకో. వాళ్ళ పెట్టె ఏదైనా తిరిగిస్తే దానికీ రసీదు అడుగు. డిపాజిట్ ఉంటే వెనక్కి రాబట్టుకో. బ్యాంకులో ఆటో డెబిట్ మాత్రం ఆఖరి బిల్లు కట్టేశాకే ఆపు.

మీ మామయ్య