ట్రాన్స్‌మిటర్‌పై 'ఎస్‌ఐఎల్ 2' ఉంటే ట్యాంకు సురక్షితమేనా?

ప్రశ్న: రసాయన కర్మాగారంలో ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. 'ఎస్‌ఐఎల్ 2' (సేఫ్టీ ఇంటెగ్రిటీ లెవెల్, అంటే రక్షణ ఎంత నమ్మదగినదో తెలిపే స్థాయి) ధ్రువీకరణ ఉన్న లెవెల్ ట్రాన్స్‌మిటర్ (ట్యాంకులో మట్టాన్ని కొలిచి సంకేతం పంపే పరికరం) అమరిస్తే ట్యాంకుకు రక్షణ కలిగినట్టేనా? ఇలాంటి రక్షణ వ్యవస్థలు అవసరమైనప్పుడు సరిగ్గా పనిచేసేలా చూసే ఫంక్షనల్ సేఫ్టీలో శిక్షణ ఎలా పొందాలి?
– ఒక పాఠకుడు, అనకాపల్లి

జవాబు: ట్రాన్స్‌మిటర్ ఒక్కటే సరిపోదండీ. ఎస్‌ఐఎల్ అనేది సెన్సర్, లాజిక్ సాల్వర్ (సెన్సర్ సంకేతాన్ని బట్టి నిర్ణయం తీసుకునే నియంత్రణ పరికరం), చివరి వాల్వు కలిసి నెరవేర్చే రక్షణ చర్యకు నిర్ణయించే స్థాయి. అరుదుగా అవసరపడే రక్షణకు ఎస్‌ఐఎల్ 2 అంటే, అవసరమైన క్షణంలో అది విఫలమయ్యే సగటు సంభావ్యత నూటికి ఒకటి కంటే తక్కువగా ఉండాలి. ఏళ్ల తరబడి కదలని షట్‌డౌన్ వాల్వు బిగుసుకుపోయి ఉంటే, ట్రాన్స్‌మిటర్ ఎంత మేలైనదైనా ఆ స్థాయి దక్కదు.

2005 డిసెంబర్ 11న ఇంగ్లండ్‌లోని బన్స్‌ఫీల్డ్ ఇంధన డిపోలో పెట్రోలు ట్యాంకు నిండుతున్నా మట్టం చూపే గేజి నిలిచిపోయింది. విడిగా అమర్చిన హై-లెవెల్ స్విచ్ కూడా స్పందించకపోవడంతో పెట్రోలు పొర్లి, ఆవిరి మేఘమై పేలింది. ఆ స్విచ్ పరీక్ష మీటను సరైన స్థితిలో నిలిపే తాళంకప్పను వేయలేదు; అది ఎందుకు అవసరమో అక్కడివారికి తెలియదు. నా దృష్టిలో శిక్షణ అవసరాన్ని ఇంతకంటే స్పష్టంగా చెప్పే ఘటన మరొకటి లేదు.

మీరు ప్రాసెస్ పరిశ్రమలకు ఉద్దేశించిన ఐఈసీ (అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్) 61511 ప్రమాణంతో మొదలుపెట్టండి. పరికరాల తయారీదారులకు ముఖ్యమైన ఐఈసీ 61508ను తరువాత చదవవచ్చు. టీయూవీ రైన్‌లాండ్, ఎక్సిడా వంటి సంస్థల ధ్రువపత్రాలకు పరీక్షతో పాటు అనుభవాన్నీ చూస్తారు కనుక, ముందుగా మీ కర్మాగారంలో జరిగే హాజాప్ (ప్రమాదాలను గుర్తించే అధ్యయనం), లోపా (రక్షణ పొరలు సరిపోతాయో లేదో చూసే విశ్లేషణ) సమీక్షల్లో కూర్చునే అవకాశం, ప్రూఫ్ టెస్టుల (రక్షణ పరికరాలు పనిచేస్తున్నాయో లేదో నిర్ణీత కాలానికోసారి చేసే పరీక్షల) బాధ్యత అడిగి తీసుకోండి.