కొత్త విండో ఎవరి ఇష్టం?

చిరంజీవికి ఆశీస్సులు.

అమరావతి శిల్పాల మీద నువ్వు రాసిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. రాతలో పట్టు ఉంది, దాని సంగతి విడిగా రాస్తాను. ఈ ఉత్తరం మాత్రం నువ్వు చివర్లో అడిగిన ప్రశ్నకే పరిమితం. వ్యాసంలోని లింకులు చదువుతున్న విండోలోనే తెరుచుకోవాలా, కొత్త విండోలోనా అని అడిగావు. అడుగుతూనే పద్నాలుగు లింకులనూ కొత్త విండోకు కట్టేశావు కూడా. ఆ కట్టు విప్పెయ్యమని నా సలహా.

బయటి పేజీకి వెళ్లినవాళ్లు మళ్లీ వ్యాసానికి తిరిగి రారేమోనని నీ భయం. రాసేవాడికి అది సహజమే, నాకూ ఉండేది. బడిలో పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసిన మా అక్కయ్య, ఇంట్లో డెస్క్‌టాప్ మీద నా వ్యాసాలు చదివేది. ఒకనాడు ఒక పాతకాలపు మాటకు నేనిచ్చిన నిఘంటువు లింకు నొక్కింది. కొత్త విండో వచ్చి తెర మొత్తాన్ని కప్పేసింది గానీ, అది కొత్తదని ఆవిడకు తెలిసే గుర్తేదీ లేదు. అర్థం చూసుకుని, వెనక్కి వద్దామని ఎడమవైపు పైనున్న బాణం నొక్కితే అది బూడిద రంగులో ఉలుకూ పలుకూ లేకుండా ఉంది. అప్పుడే పుట్టిన విండోకు గతం ఉండదు కదా, వెనక్కి ఎక్కడికని పోతుంది? 'ఒరేయ్, నీ వ్యాసం పోయిందిరా' అని నాకు ఫోను చేసింది. వ్యాసం ఎక్కడికీ పోలేదు, ఆ విండో వెనకాలే ఉంది. పాఠకురాలు వెళ్లిపోకూడదని నేను చేసిన ఏర్పాటే ఆవిడకు దారి లేకుండా చేసింది.

ఇది నేను కొత్తగా కనిపెట్టిన సంగతేమీ కాదు. వెబ్ వాడుక తీరును పరిశీలించే యాకోబ్ నీల్సన్ 1999లోనే, వెబ్ రూపకల్పనలో కొత్తగా పుట్టుకొచ్చిన పది తప్పులను ఎంచుతూ, వెనక్కి బాణాన్ని చెడగొట్టడాన్ని మొదటిదిగానూ, కొత్త విండోలు తెరవడాన్ని రెండోదిగానూ చెప్పాడు. వాక్యూమ్ క్లీనరు అమ్మడానికి ఇంటికొచ్చినవాడు ముందుగా తివాచీ మీద సిగరెట్ బూడిద కుమ్మరించడంతో దాన్ని పోల్చాడు. వెబ్ పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎల్‌కు అదే ఏడాది వెలువడిన 4.01 ప్రమాణంలోని కఠినమైన రూపం, లింకు ఏ విండోలో తెరుచుకోవాలో చెప్పే 'టార్గెట్' అనే లక్షణానికి చోటివ్వలేదు. 2014లో ఖరారైన హెచ్‌టీఎంఎల్ 5 దాన్ని మళ్లీ లోపలికి రానిచ్చింది. రానిచ్చారు కనుక వాడితీరాలనుకోవడం మాత్రం పొరపాటు.

ఇప్పుడు విండోల స్థానంలో ట్యాబులు వచ్చాయి కాబట్టి బాధ కొంత తగ్గిందని నువ్వు అనవచ్చు. కొంత తగ్గింది, ఒప్పుకుంటాను. అయితే ఆండ్రాయిడ్ ఫోనులో క్రోమ్ వాడేవాళ్ల తెర పైభాగాన చిన్న చదరంలో ట్యాబుల లెక్క కనిపిస్తుంది చూడు, అది వందకు చేరితే అంకె మానేసి నవ్వుముఖం పెడుతుంది. ఆ నవ్వులో నీ పద్నాలుగు లింకుల వాటా కూడా ఉండాలా?

అసలు విషయం వేరే ఉంది. మామూలు లింకును పాఠకుడు తనకు కావాలంటే కొత్త ట్యాబులో తెరుచుకోగలడు: కంట్రోల్ మీట పట్టుకుని నొక్కినా, మౌసు మధ్య చక్రంతో నొక్కినా, ఫోనులో వేలు కాసేపు అదిమిపెట్టినా ఆ పని జరుగుతుంది. నువ్వు కొత్త విండోకు కట్టిన లింకును మాత్రం అదే విండోలో తెరుచుకోవడానికి అతనికి అంత తేలికైన దారి లేదు. మొదటి పద్ధతిలో ఇద్దరి ఇష్టమూ చెల్లుతుంది, రెండో పద్ధతిలో నీ ఇష్టమొక్కటే చెల్లుతుంది. ఇక తెరమీది అక్షరాలను స్క్రీన్ రీడర్ చదివి వినిపిస్తే తప్ప తెలుసుకోలేని అంధ పాఠకులకు, తామున్న విండో మారిపోయిందని చప్పున తోచకపోవచ్చు. అందుకే 2008లో వచ్చిన రెండో విడత వెబ్ సౌలభ్య మార్గదర్శకాలతో పాటు ఇచ్చిన సూచనల్లో, కొత్త విండో తప్పనిసరైతే ఆ సంగతి ముందే చెప్పమన్నారు.

తప్పనిసరి సందర్భాలు లేకపోలేదు. పాఠకుడు దరఖాస్తు సగం నింపి, ఒక గడి దగ్గర సందేహం వచ్చి సహాయం పేజీ తెరిచాడనుకో, అదే విండోలో తెరుచుకుంటే నింపినదంతా పోవచ్చు. అక్కడ కొత్త విండో పెట్టి, లింకులోనే 'కొత్త విండోలో' అన్న మాట చేర్చు. నీ వ్యాసంలో అలాంటి అవసరం ఎక్కడా లేదు.

నీ కోడ్ కూడా తెరిచి చూశాను, ఏమనుకోకు. రెండు లింకుల్లో, కొత్త విండో తెరవమని చెప్పే 'బ్లాంక్' అన్న మాట ముందు ఉండాల్సిన అండర్‌స్కోర్ (అడుగు గీత) ఎగిరిపోయింది. అప్పుడది ఆజ్ఞ కాకుండా ఒక విండో పేరైపోతుంది. మొదటి లింకు నొక్కితే ఆ పేరుతో ఒక విండో పుడుతుంది, రెండోది నొక్కితే కొత్తది రాకుండా అందులోనే పేజీ మారిపోతుంది. మొదటి పేజీని తర్వాత చదువుకుందామని అట్టే ఉంచుకున్నవాడికి అది మాయమవుతుంది.

పాఠకుడు వెళ్లిపోతాడన్న భయానికి మందు వాక్యంలోనే ఉంది. నాలుగో పేరాలో 'అమరావతి శిల్పాలు లండన్‌లో ఉన్నాయి, వివరాలకు ఇక్కడ నొక్కండి' అని రాశావు. చదివేవాణ్ణి బయటికి తోసింది ఆ వాక్యమే. ఆ ఫలకాల్లో కొన్ని బ్రిటిష్ మ్యూజియంలోనూ, పెద్ద భాగం చెన్నై ప్రభుత్వ మ్యూజియంలోనూ ఉన్నాయనీ, ఒకే స్తూపం అలా ఎందుకు చెదిరిపోయిందనీ నీ మాటల్లో నాలుగు వాక్యాలు రాయి. లింకును 'ఇక్కడ' అనే మాటకు కాకుండా మ్యూజియం పేరుకే తగిలించి, పేరా చివర ఉంచు. వెళ్లదలిచినవాడు ఎక్కడికి వెళుతున్నాడో తెలిసి వెళతాడు, బాణం నొక్కి వెనక్కి వస్తాడు.

ఆ పేరా తిరగరాసి, లింకులు సరిచేసి పంపు. మా అక్కయ్యకు చూపిస్తాను. ఇప్పటికీ ఆ డెస్క్‌టాప్ మీదే చదువుతోంది.