‘ఐ యామ్ నోయింగ్’ ఎక్కడినుంచి వచ్చింది?

భాషా సందేహాలు: ఈసారి రష్యన్ మాట్లాడేవారికి ఇంగ్లీషు నేర్పుతున్న తెలుగువారి ప్రశ్నలు

ప్రశ్న: కజాన్‌లో వైద్యవిద్య చదువుతున్నాను. హాస్టల్లో నా స్నేహితురాలు నాకు రష్యన్ నేర్పుతుంది, నేను తనకు ఇంగ్లీషు నేర్పుతాను. మొదట్లో పుస్తకం చేతిలో ఉండగానే ‘ఐ రీడ్’ అనేది. ‘నౌ’ వస్తే ‘ఐఎన్‌జీ’ పెట్టమని పదేపదే చెప్పాను. ఇప్పుడు ‘నౌ ఐ యామ్ నోయింగ్’, ‘ఐ యామ్ వాంటింగ్ టీ’ అంటోంది. పొరపాటు ఎక్కడ జరిగింది?

జవాబు: ‘నౌ’ అనే గుర్తు ఇవ్వడం దగ్గరే. రష్యన్‌లో వర్తమానానికి రూపం ఒక్కటే. ‘యా చితాయు’ అంటే ‘చదువుతాను’ అనీ అర్థమే, ‘చదువుతున్నాను’ అనీ అర్థమే. మనకు ఆ రెండూ వేరు కాబట్టి ఇంగ్లీషులో తేడా ఇట్టే పట్టుబడుతుంది. మీ స్నేహితురాలికి ఆ తేడా తన భాషలో కనబడదు, అందుకని మీరిచ్చిన మాటనే పట్టుకుంది. తెలియడమూ, టీ కావాలనిపించడమూ ఇప్పుడే కదా! మీరు చెప్పిన సూత్రం ప్రకారం ఆమె చేసింది సరైనదే.

‘నౌ’ను కొన్నాళ్ళు పక్కన పెట్టండి. ఈ తేడా రష్యన్‌లో ఒక్కచోట మాత్రం స్పష్టంగా ఉంది: రాకపోకల క్రియల్లో. ‘యా ఇదూ వ్ ష్కోలు’ అంటే ఇప్పుడు బడికి వెళ్తూ దారిలో ఉన్నానని. ‘యా హజూ వ్ ష్కోలు’ అంటే రోజూ బడికి వెళ్తానని. మొదటిది ‘ఐ యామ్ గోయింగ్’, రెండోది ‘ఐ గో’. వాహనం మీద వెళ్ళడానికి ‘యేదు, యేజ్జు’, విమానంలో అయితే ‘లెచూ, లెతాయు’, ఏదైనా మోసుకెళ్ళడానికి ‘నెసూ, నషూ’. మొదటి రోజు ఈ నాలుగు జంటలతో ఎనిమిది వాక్యాలు చాలు. ఇంకో లాభం కూడా ఉంది. రేపటి ప్రయాణం గురించి రష్యన్లు ‘జావ్త్రా యేదు’ అంటారు. ఇంగ్లీషులో ‘ఐ యామ్ గోయింగ్ టుమారో’ కూడా అదే పద్ధతి, విడిగా నేర్పక్కర్లేదు.

రెండో రోజు ‘చితాయు’, ‘గతోవ్ల్యు’ (వండుతాను, వండుతున్నాను) లాంటి మామూలు క్రియలు తీసుకుని, ప్రతి వాక్యానికీ ముందు ‘ఇది ఇదూ లాంటిదా, హజూ లాంటిదా?’ అని అడగండి. జవాబు తనే చెప్పాలి, మీరు అందించకూడదు.

స్టేటివ్ క్రియల (చేసే పనిని కాక, ఉన్న స్థితిని చెప్పేవి) పని ఆ తర్వాతే. ఇరవై క్రియలు చీటీల మీద రాసి ఒక్కోదాన్ని ‘ష్తో తి దేలయెష్?’ అనే ప్రశ్నతో పరీక్షించమనండి. ‘ఏం చేస్తున్నావ్?’ అని దానర్థం. ‘చదువుతున్నా’, ‘వండుతున్నా’ అన్నవి జవాబులవుతాయి. ‘తెలుసు’, ‘కావాలి’, ‘నాది’ అన్నవి ఏ భాషలోనూ ఆ ప్రశ్నకు జవాబు కావు. అలాంటి వాటికి ఇంగ్లీషులో ‘ఐఎన్‌జీ’ పెట్టరు: నో, వాంట్, నీడ్, బిలాంగ్, ఓన్, కాస్ట్, కంటెయిన్, కన్సిస్ట్, డిపెండ్, సీమ్.

దీనికి బదులు ‘కదలిక లేకపోతే స్టేటివ్’ అని చెబితే కొత్త తప్పు పుడుతుంది. సిట్, స్లీప్, వెయిట్ కూడా ఆ గుంపులో చేరిపోతాయి. ‘ఏం చేస్తున్నావ్?’ అంటే ‘ఎదురుచూస్తున్నా’ అనవచ్చు కాబట్టి ‘ఐ యామ్ వెయిటింగ్’ సరైనదే.

నేర్పేవాళ్ళు తమ చెవిని కూడా ఒకసారి సరిచూసుకోవాలి. తెలుగులో ‘తెలుసు’, ‘కావాలి’, ‘ఇష్టం’ అనే మాటలకు ‘తున్న’ చేరదు, అది మనకు మేలు. కానీ ‘వినిపిస్తోంది’, ‘కనిపిస్తోంది’, ‘అనిపిస్తోంది’ అంటాం. అందుకే అవతలివాళ్ళు ‘ఐ యామ్ హియరింగ్ ఏ నాయిస్’ అన్నా మనకు తప్పుగా తోచదు, దిద్దకుండా వదిలేస్తాం.

ప్రశ్న: విజయవాడ నుంచి ఆన్‌లైన్లో రష్యన్ ఉద్యోగులకు పాఠాలు చెబుతున్నాను. హ్యావ్, థింక్, సీ, స్మెల్, వే లాంటివి ఒకచోట స్టేటివ్, మరోచోట కాదు. జాబితా బట్టీ పట్టించినా వారం తిరక్కుండా కలగాపులగమవుతోంది.

జవాబు: జాబితా వద్దు, వాళ్ళ భాషే వాళ్ళకు చూపించండి. ఇంగ్లీషు ఒకే క్రియతో నెట్టుకొచ్చే చాలాచోట్ల రష్యన్‌కు రెండు క్రియలున్నాయి, తెలుగుకూ రెండు మాటలున్నాయి. సూట్‌కేసు ఇరవై కిలోలు ఉంది అనడానికి ‘వేసిత్’, గుమాస్తా సూట్‌కేసును తూస్తున్నాడు అనడానికి ‘వ్జ్వేషివత్’. ఇంగ్లీషులో రెండింటికీ ‘వే’. ఉండే బరువుకు ‘ఇట్ వేస్’, తూచే పనికి ‘హీ ఈజ్ వేయింగ్ ఇట్’. సూప్ వాసన వస్తోంది అంటే ‘పాహ్నుత్’, వాసన చూస్తున్నాను అంటే ‘న్యూహత్’. కనబడటం ‘వీదెత్’, చూడటం ‘స్మత్రేత్’. వినబడటం ‘స్లీషత్’, వినడం ‘స్లూషత్’. ప్రతి జంటలోనూ మొదటిది స్టేటివ్, రెండోది చేసే పని. చూడటానికీ వినడానికీ ఇంగ్లీషులోనూ మాటలు వేరు, లుక్, లిజన్. చిక్కల్లా స్మెల్, టేస్ట్, వే లాంటివాటితోనే.

కనబడటం, వినబడటం గురించి ఇంకో మాట. ఫోన్లో ‘యా వస్ స్లీషు’ అనే రష్యన్‌కు ‘ఐ హియర్ యూ’ కంటే ‘ఐ కెన్ హియర్ యూ’ అలవాటు చేయండి. ఆ క్షణంలో వినబడుతోంది, కనబడుతోంది అనడానికి ఇంగ్లీషువాళ్ళు ఎక్కువగా ‘కెన్’ వాడతారు.

‘హ్యావ్’ ఇంకా తేలిక. మనం ‘నాకు కారు ఉంది’ అన్నట్టే వాళ్ళు ‘ఉ మెన్యా యెస్త్’ అంటారు, ‘నా దగ్గర ఉంది’ అని. రష్యన్ వాక్యం ‘ఉ మెన్యా’తో మొదలైతే ‘ఐ హ్యావ్’. ‘అబేదయు’ (మధ్యాహ్న భోజనం చేస్తున్నాను) లాంటి క్రియ వస్తే ‘ఐ యామ్ హ్యావింగ్ లంచ్’. తలనొప్పిని కూడా వాళ్ళు ‘ఉ మెన్యా’తోనే చెబుతారు కాబట్టి ‘ఐ హ్యావ్ ఏ హెడేక్’ సరిపోయింది. ఈ సూత్రం సడలేది పాఠం, మీటింగ్ లాంటి మాటల దగ్గరే. ‘ఉ మెన్యా సిచాస్ ఉరోక్’ అన్నదానికి ఇంగ్లీషులో రెండు రూపాలూ చెల్లుతాయి.

‘థింక్’కు మాత్రం జంట సరిగ్గా కుదరదు, ‘దూమయు’ రెంటికీ వస్తుంది. దాని స్థానంలో ‘షితాయు’ (నా అభిప్రాయం) పెట్టి చూడమనండి. అర్థం నిలబడితే ‘ఐ థింక్’. నిలబడక, దేన్ని ‘గురించి’ ఆలోచిస్తున్నామో వాక్యంలో వస్తే ‘ఐ యామ్ థింకింగ్ అబౌట్’.

‘హీ ఈజ్ రూడ్’, ‘హీ ఈజ్ బీయింగ్ రూడ్’ మధ్య తేడా పైస్థాయివారికే నేర్పండి. రెండోదానికి రష్యన్‌లో ‘వెద్యోత్ సెబ్యా’, అంటే ప్రవర్తిస్తున్నాడు, అనే మాట అతుకుతుంది. అతని తత్వం అది కాదు, ఈ కాసేపు అలా ఉన్నాడని భావం.

ప్రశ్న: ‘ఈ సినిమా చూశారా?’ అని అడగాల్సినచోట నా విద్యార్థి ‘వర్ యూ వాచింగ్ దిస్ ఫిల్మ్?’ అంటాడు. పాస్ట్ కంటిన్యుయస్ బాగా వచ్చినవాడే. ఎందుకిలా?

జవాబు: బాగా వచ్చింది కాబట్టే. రష్యన్ క్రియలు చాలావరకు జంటలుగా ఉంటాయి. పని పూర్తయిందని చెప్పేది ఒకటి, పూర్తి అయిందా లేదా అన్నది పట్టించుకోనిది మరొకటి: ‘ప్రచితాల్’, ‘చితాల్’. ఈ రెండోదాన్ని విద్యార్థులు పాస్ట్ కంటిన్యుయస్‌కు సరిజోడు అనుకుంటారు. పాఠ్యపుస్తకాలు కూడా తొలి పాఠాల్లో అలాగే అనిపించేలా ఉదాహరణలిస్తాయి. కానీ జీవితంలో ఎప్పుడైనా ఆ పని చేశారా అని అడగడానికి రష్యన్ వాడేది ఈ రెండోదాన్నే: ‘వి స్మత్రేలి ఎతత్ ఫిల్మ్?’ దానికి ఇంగ్లీషు ‘హ్యావ్ యూ సీన్?’

‘వజ్, వర్’తో ‘ఐఎన్‌జీ’ రాసే ముందు ‘సరిగ్గా ఏ సమయానికి?’ అని తనను తాను ప్రశ్నించుకోవాలి. ‘ఎనిమిదింటికి’, ‘నువ్వు ఫోన్ చేసినప్పుడు’ లాంటి జవాబు ఉంటేనే కంటిన్యుయస్. ‘ఎప్పుడో ఒకప్పుడు’ అయితే ప్రెజెంట్ పర్‌ఫెక్ట్. ‘రెండేళ్ళు అక్కడున్నాను, తర్వాత వచ్చేశాను’ అయితే సింపుల్ పాస్ట్. ‘చితాల్’, ‘జిల్’ (నివసించాను), ‘రబోతల్’ (పనిచేశాను) ఉన్న పది రష్యన్ వాక్యాలిచ్చి, అనువాదం అడగకుండా, ఈ మూడింట్లో ఏ గడిలో పడుతుందో మాత్రమే టిక్ పెట్టించండి. తప్పుపోయేది అనువాదంలో కాదు, ఈ ఎంపికలోనే.

ప్రశ్న: ‘ఐ లివ్ హియర్ ఫైవ్ ఇయర్స్’, ‘ఐ నో హర్ టెన్ ఇయర్స్’. ఎన్నిసార్లు దిద్దినా ఇంతే.

జవాబు: ‘యా జివూ జ్దేస్ ఉజే ప్యాత్ లేత్’ అన్నదాన్ని మాటకు మాట దించేస్తున్నారు. మొదలై ఇంకా నడుస్తున్నదాన్ని రష్యన్ మామూలు వర్తమానంలోనే చెబుతుంది. మనం చేసే తప్పు దీనికి అన్నదమ్ముడే: ‘ఐదేళ్ళనుంచి ఉంటున్నాను’ను ‘ఐ యామ్ లివింగ్ హియర్ ఫ్రమ్ ఫైవ్ ఇయర్స్’ చేస్తాం. ఇద్దరికీ మందు ఒక్కటే, ‘హ్యావ్’. ఆరు క్రియలతో మొదలుపెట్టండి: లివ్, వర్క్, నో, హ్యావ్, బీ, వాంట్. మొదటి రెంటికి ‘ఐ హ్యావ్ లివ్‌డ్’, ‘ఐ హ్యావ్ బీన్ లివింగ్’ రెండూ నడుస్తాయి. నో, హ్యావ్, బీ అలా కాదు, ‘ఐ హ్యావ్ నోన్ హర్ ఫర్ టెన్ ఇయర్స్’ ఒక్కటే దారి. ‘వాంట్’కు ‘హ్యావ్ బీన్ వాంటింగ్’ కూడా వినబడుతుంది, విన్నప్పుడు అర్థమైతే చాలు. 5 సంవత్సరాలు అంటే ‘ఫర్’, 2019 అంటే ‘సిన్స్’. ఈ రెండు మాటల్నీ ఒకేరోజు కలిపి నేర్పకండి.

ప్రశ్న: పాఠం మధ్యలో ‘అర్థమవుతోందా?’ అంటే రష్యన్ విద్యార్థిని ప్రతిసారీ ‘ఐ అండర్‌స్టుడ్’ అంటుంది. దిద్దాలా?

జవాబు: దిద్దండి, కానీ మెల్లిగా. రష్యన్‌లో అబ్బాయి ‘పోన్యల్’, అమ్మాయి ‘పన్యలా’ అంటారు. రెండూ భూతకాలమే, అచ్చం మన ‘అర్థమైంది’ లాగే. ఇంగ్లీషులో ఆ చోట ‘ఐ అండర్‌స్టాండ్’ గానీ ‘ఐ సీ’ గానీ అనాలి. ‘ఐ అండర్‌స్టుడ్’ అంటే అప్పుడెప్పుడో అర్థమైందన్నట్టు ఉంటుంది. ‘ఉస్తాల్’, ‘ఉస్తాలా’ కూడా ఇలాంటిదే. ‘అలసిపోయాను’ అన్నట్టు భూతకాలంలో ఉన్నా, ఇంగ్లీషులో అది ‘ఐ యామ్ టైర్డ్’. రష్యన్‌లో వర్తమానంలో ‘యామ్, ఈజ్’ ఉండవు కనుక ఆ ‘యామ్’ను మింగేస్తారు. అది పలికేదాకా ఆగండి.