ఎనిమిది మంది ఖాళీ చీకటిని చూసి బాగుందన్న రాత్రి

యూనివర్సిటీలో నెలకోసారి జనానికి టెలిస్కోపులో ఆకాశం చూపిస్తున్నారు, వాలంటీరుగా చేరాలని ఉంది, కానీ ఫిజిక్స్ చదవలేదు, పనికొస్తానా, ముందుగా ఏ పుస్తకాలు చదవాలి అని అడిగారు.

పనికొస్తారు. నేను చదివింది కామర్స్. డిగ్రీ రెండో ఏడాదిలో ఈ పనిలో చేరాను, ఉద్యోగం వచ్చాక కూడా వదల్లేదు, ఆరేళ్ళు దాటింది. పుస్తకాల సంగతికి తర్వాత వస్తాను. ముందు ఒక రాత్రి గురించి చెప్పాలి. ఈ పని అంటే ఏమిటో నాకు తెలిసింది ఆ రాత్రే.

అప్పటికి నేను చేరి ఏడాదిన్నర. ఆ రోజు చూపించేది శని గ్రహం. రింగులు బాగా విచ్చుకుని కనిపించే కాలం. డాబా మీద మూడు టెలిస్కోపులు పెట్టాం. నాకు అప్పగించింది 8 అంగుళాల అద్దం ఉన్న డాబ్సోనియన్, అంటే తేలికైన స్టాండు మీద చేత్తో తిప్పుకునే రకం టెలిస్కోపు. దానికి మోటారు ఉండదు, గ్రహం కదిలినకొద్దీ మనమే చేత్తో కాస్త కాస్త జరుపుకోవాలి. 150 రెట్లు పెద్దదిగా చూపించే ఐపీస్, అంటే కన్ను ఆనించి చూసే కటకం, పెట్టాను. లైను మెట్ల దాకా ఉంది. తొమ్మిదిన్నరకి డాబా మూసెయ్యాలి, త్వరగా కానివ్వండి అని నిర్వాహకులు రెండుసార్లు వచ్చి చెప్పి వెళ్ళారు. నాకేమో టెన్షన్.

అప్పుడే చూసి పక్కకి తప్పుకున్న ఒక కుర్రాడు బ్లాక్ హోల్‌లో పడితే ఏమవుతుందని అడిగాడు. అప్పట్లో నాకు ఇలాంటి ప్రశ్నలంటే ప్రాణం. అటు తిరిగి నాకు తెలిసినదంతా చెప్పడం మొదలుపెట్టాను. వెనకాల జనం ఒక్కొక్కరే వచ్చి వంగి చూసి వెళ్తున్నారు. "సూపర్", "చాలా బాగుంది మేడమ్", "థాంక్యూ" అనే మాటలు వినిపిస్తున్నాయి. ఒకాయన తన భార్యతో "రింగు భలే ఉంది, నువ్వూ చూడు" అన్నాడు. ఆవిడా చూసి "అవును" అంది. నేను తల కూడా తిప్పకుండా చెప్పుకుపోతున్నాను.

అంతలో ఎనిమిదేళ్ళ పాప ఒకతి నా చెయ్యి పట్టుకుని లాగింది. "అక్కా, ఇందులో ఏమీ లేదు. అంతా నల్లగా ఉంది."

వాళ్ళ నాన్న ఇబ్బందిపడ్డాడు. "సరిగ్గా చూడమ్మా, అందరికీ కనిపించింది కదా" అన్నాడు.

నేను వంగి చూశాను. ఏమీ లేదు.

లెక్క చెబుతాను, ఇది మీకు పనికొస్తుంది. భూమి తిరగడం వల్ల ఆకాశం 4 నిమిషాలకి 1 డిగ్రీ చొప్పున జరుగుతుంది. ఆ ఐపీస్‌లో ఒకేసారి కనిపించేది 1 డిగ్రీలో మూడో వంతు. అంటే గ్రహాన్ని సరిగ్గా మధ్యలో పెట్టి వదిలేస్తే 40 సెకన్లలో అంచు దాటిపోతుంది. నేను అయిదారు నిమిషాలుగా బ్లాక్ హోల్స్ గురించి మాట్లాడుతున్నాను. గ్రహం పోయాక ఎంతమంది చూశారో వెనక్కి లెక్కపెట్టుకున్నాను. "పక్కనున్న చుక్క దాని చంద్రుడా అమ్మా" అని అడిగిన ఒక పెద్దాయన గుర్తున్నాడు. ఆయన చూసినట్టే, శని చంద్రుల్లో పెద్దదైన టైటాన్ సంగతి అడిగాడు కాబట్టి. ఆయన తర్వాత పాప దాకా ఎనిమిది మంది. ఆ ఎనిమిది మందీ ఖాళీ చీకటిని చూసి బాగుందని చెప్పి వెళ్ళారు. రింగు భలే ఉందన్నాయన కూడా వాళ్ళలో ఒకడే.

వెంటనే గ్రహాన్ని మధ్యకి తెచ్చి ముందు పాపకి చూపించాను. లైను ఆపమని పక్క టెలిస్కోపు దగ్గరున్న స్నేహితుడికి చెప్పి మెట్ల వైపు పరిగెత్తాను. ఎనిమిది మందిలో అయిదుగురు దొరికారు. పొరపాటు నాదేనని చెప్పి వెనక్కి తీసుకొచ్చాను. వాళ్ళలో యాభై దాటిన ఒకావిడ అన్న మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "నా కంట్లో శుక్లం ఉందమ్మా, నాకొక్కదానికే కనపడలేదనుకున్నాను. కనపడలేదంటే వెనకవాళ్ళకి ఆలస్యమవుతుందని బాగుందనేశాను." ఈసారి ఆవిడ రెండు నిమిషాల పైనే చూసింది. నేను గ్రహాన్ని జరుపుతూ ఉన్నాను, ఇంకేం మాట్లాడలేదు. చివరికి తలెత్తి "ఆ గుండ్రానికీ చుట్టూ ఉన్న దానికీ మధ్య సందు ఉంది" అంది.

దొరకని ముగ్గురి సంగతి నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. టెలిస్కోపులో శని అంటే నల్లటి వృత్తమని, తమ కంటికి ఆనలేదని అనుకుని వెళ్ళిపోయి ఉంటారు. మళ్ళీ ఎప్పుడైనా టెలిస్కోపు దగ్గరికి వస్తారో రారో.

అందుకే చెబుతున్నాను, ఈ పనికి ఫిజిక్స్ డిగ్రీ అక్కర్లేదు. ఎదుటి మనిషి నిజంగా చూశాడా లేదా అని పట్టించుకునే గుణం కావాలి. "కనిపించిందా?" అని ఎప్పుడూ అడగకండి. వెనక లైను ఉన్నప్పుడు ఆ ప్రశ్నకి అవునని తప్ప వేరే జవాబు రాదు, అది మర్యాద కొద్దీ ఇచ్చే జవాబు. చూసినవాళ్ళు మాత్రమే చెప్పగలిగేది అడగండి. శని అయితే రింగు ఎటు వాలి ఉందో చేత్తో చూపించమనండి. గురుడు అయితే పక్కన ఎన్ని చుక్కలున్నాయి, అన్నీ ఒకే వైపున్నాయా అని అడగండి. సప్తర్షి మండలంలో వశిష్ఠుణ్ణి చూపిస్తుంటే, పక్కనున్న అరుంధతి కాకుండా వశిష్ఠుడే రెండుగా విడిపోయి కనిపిస్తున్నాడా అని అడగండి. అడిగే తీరు పరీక్షలా ఉండకూడదు, మీరూ వాళ్ళతో కలిసి చూస్తున్నట్టు ఉండాలి. జవాబు రాకపోతే టెలిస్కోపు జరిగిందో, ఫోకస్ కుదరలేదో, వాళ్ళ కన్ను ఐపీస్‌కి సూటిగా లేదో మీకు తెలిసిపోతుంది. మొదటిసారి చూసేవాళ్ళకి ఈ మూడోదే ఎక్కువ.

చూడటం అనేది కన్ను పెట్టగానే జరిగిపోయే పని కాదు. 1610లో గెలీలియో శనిని చూసినప్పుడు అది మూడు గోళాలు పక్కపక్కన ఉన్నట్టు కనిపించింది. 1612లో చూస్తే పక్కనున్న రెండూ మాయమయ్యాయి. రింగు అంచు మన వైపు తిరిగిందని ఆయనకు తెలియదు. అది గ్రహాన్ని ఎక్కడా తాకకుండా చుట్టూ ఉన్న పలుచని వలయమని డచ్ శాస్త్రవేత్త హైగెన్స్ 1659లో ప్రకటించాడు. గెలీలియో అంతటివాడికే అన్నాళ్ళ పాటు అంతుపట్టని దాన్ని మనం జనానికి పదిహేను సెకన్లిచ్చి చూసేయమంటున్నాం. రింగు అంచు మన వైపు తిరగడం 2025 మార్చిలో కూడా జరిగింది. అలాంటి కాలంలో రింగు సన్నటి గీతలా ఉంటుందని ముందే చెప్పి చూపించాలి. లేకపోతే ఫొటోల్లో చూసింది తలుచుకుని వచ్చినవాళ్ళు నిరాశపడతారు.

నిర్వాహకులతో నాకున్న పెద్ద పేచీ ఇక్కడే. కార్యక్రమం అయిపోగానే రిజిస్టర్ తీసి ఎంతమంది వచ్చారో లెక్కపెడతారు. నాలుగు వందల మంది వచ్చారంటే విజయం, అరవై మంది వస్తే విఫలం. నాలుగు వందల మందికి మూడు టెలిస్కోపులతో రెండు గంటల్లో ఏం చూపిస్తారు? ఆ అరవై మందీ తలా మూడు నిమిషాలు చూసి ఉంటే అదే గొప్ప రాత్రి అంటాను. ఈ విషయం మీటింగుల్లో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

ఇంకోటి ప్రసంగాలు. చీకటి పడగానే మొదలవ్వాల్సిన కార్యక్రమం వేదిక మీద మాటలతో నలభై నిమిషాలు ఆలస్యమవుతుంది. ఆ నలభై నిమిషాల్లో ఆకాశం 10 డిగ్రీలు పడమరకి జరుగుతుంది. చెయ్యి చాచి పిడికిలి పట్టుకుంటే ఎంత మేర కనిపిస్తుందో అంత. పడమట కిందుగా ఉన్న శుక్రుడు ఆ పాటికి భవనం వెనక్కి వెళ్ళిపోతాడు. చంద్రుణ్ణి చూపిస్తాం రండి అని పున్నమి రోజున కార్యక్రమం పెట్టడం కూడా నాకు అర్థం కాదు. పున్నమి నాడు వెలుగు నేరుగా పడుతుంది కాబట్టి గుంతలకి నీడలుండవు, చంద్రుడు తెల్లటి పళ్ళెంలా ఉంటాడు, పైగా ఆ వెలుగులో మసక నక్షత్రాలన్నీ మాయం. సప్తమి, అష్టమి రోజుల్లో పెడితే వెలుగు చీకటి కలిసే గీత పొడుగునా ప్రతి గుంతా, ప్రతి కొండా నీడతో నిలబడి కనిపిస్తుంది. ఆ దృశ్యం చూసినవాళ్ళు ఎవరూ మర్చిపోరు.

లైట్ల గురించి కూడా గట్టిగా అడగండి, కొత్తవాళ్ళు కదా అని మొహమాటపడకండి. కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై ముప్ఫై నిమిషాలు పడుతుంది. ఒక్క ఫోన్ టార్చి ముఖం మీద పడితే అదంతా పోతుంది. మీరు మాత్రం ఎర్ర లైటు వాడండి, టార్చికి ఎర్ర కాగితం చుట్టుకున్నా సరే. చంద్రుడికి, శనికి చీకటి అంత ముఖ్యం కాదు గానీ ఆండ్రోమెడా గెలాక్సీ లాంటివి చూపించాలంటే అదే ప్రాణం. దాన్ని చూపించే ముందు "ఇది బూడిదరంగు మసక మరకలా ఉంటుంది, కానీ ఈ వెలుగు బయల్దేరి సుమారు 25 లక్షల ఏళ్ళయింది" అని చెప్పండి. ఈ మాట ముందు చెబితే ఆ మరకని చూసే చూపే మారిపోతుంది. నేరుగా కాకుండా కాస్త పక్కకి చూస్తే ఇంకా బాగా కనిపిస్తుందని కూడా చెప్పండి, మసక వెలుగును పట్టే కణాలు కంటిలో మధ్యన కాకుండా చుట్టూ ఎక్కువగా ఉంటాయి.

మీకు ఇచ్చేది డాబ్సోనియనే అయితే ఆ పేరు వెనకాల ఉన్న మనిషి గురించి తెలుసుకోండి. జాన్ డాబ్సన్ అమెరికాలోని కాలిఫోర్నియాలో వేదాంత మఠాల్లో 23 ఏళ్ళు సన్యాసిగా ఉన్నాడు. ఓడ కిటికీల అద్దాలు అరగదీసి టెలిస్కోపు అద్దాలుగా మార్చేవాడు. మఠం నుంచి బయటికి వచ్చేశాక వీధుల్లో టెలిస్కోపు పెట్టి దారిన పోయేవాళ్ళని పిలిచి చంద్రుణ్ణి, శనిని చూపించాడు. 2014లో చనిపోయేదాకా దాదాపు ఆ పనే. చెక్కతో ఎవరైనా చేసుకోగలిగేంత తేలికైన స్టాండు ఆయన వల్లే ప్రచారంలోకి వచ్చింది. నా దృష్టిలో మనం చేసే పనికి పెద్ద ఆయనే.

పుస్తకాలు అడిగారు కదా. మొదటి మూడు నెలలు ఏ పుస్తకమూ వద్దు. రోజూ చీకటి పడ్డాక ఒక పావుగంట పైకి చూడండి. ఏది ఎటు ఉదయిస్తోంది, ఎటు అస్తమిస్తోంది, గ్రహాలు ఏ నక్షత్రాల మధ్య ఉన్నాయి అన్నది చూపుడువేలితో చూపించగలిగితే చాలు. తర్వాత టెలిస్కోపు ఫైండర్ (గురి చూసుకోవడానికి పైన బిగించే చిన్న టెలిస్కోపు) సరిచేయడం, ఐపీస్ మార్చడం, ఫోకస్ చేయడం ఎవరి సాయం లేకుండా చీకట్లో చేయగలగాలి. ఎవరైనా బ్లాక్ హోల్స్ గురించి అడిగితే తెలిసింది రెండు ముక్కలు చెప్పండి, తెలియకపోతే తెలియదనండి, కానీ చెయ్యి టెలిస్కోపు మీద నుంచి తీయకండి. కళ్ళజోడు ఉన్నవాళ్ళకి మామూలు దూరపు చూపు, దగ్గర చూపు సమస్య అయితే జోడు తీసి ఫోకస్ సరిచేసుకోవచ్చు, ఆస్టిగ్మాటిజం (కంటి వంపు అన్ని వైపులా ఒకేలా లేకపోవడం) ఉంటే జోడుతోనే చూడమనాలి. పిల్లలకి స్టూలు ఉందో లేదో సాయంత్రమే చూసుకోండి, లేకపోతే వాళ్ళు పట్టు కోసం టెలిస్కోపునే పట్టుకుని వేలాడతారు.

ఒక్క విషయంలో మాత్రం మొహమాటం, సర్దుబాటు ఏవీ వద్దు. పగలు సూర్యుణ్ణి చూపించే కార్యక్రమం ఉంటే ఫిల్టర్ టెలిస్కోపు ముందు భాగానికే ఉండాలి, గట్టిగా బిగించి ఉండాలి. ఐపీస్‌కి తగిలించే ఫిల్టర్ వాడదామని ఎవరన్నా, ఎంత పెద్దవాళ్ళన్నా సరే, ఒప్పుకోకండి. వేడికి అది పగిలిందంటే ఆ క్షణంలో అక్కడున్న కన్ను పోతుంది. ఫైండర్‌కి మూత పెట్టడం కూడా మర్చిపోకూడదు. ఇది సరిగ్గా లేని రోజున నేను కార్యక్రమం మధ్యలోనే టెలిస్కోపు దించేశాను. మాటలు పడ్డాను, పరవాలేదు.

మొదటి రెండు మూడుసార్లు మిమ్మల్ని రిజిస్టర్ బల్ల దగ్గరే కూర్చోబెడతారు. కూర్చోండి. కానీ జనం వెళ్ళిపోయాక, మూతలు పెట్టేముందు, పది నిమిషాలు మీకోసం అడిగి తీసుకోండి. గ్రహాన్ని మధ్యలో పెట్టి చెయ్యి తీసేసి, అది ఎటువైపుగా అంచు దాటిపోతుందో ఒకసారి చూడండి.