వాన పడితే కొండలకి, ఎండ కాస్తే కాలువ గట్టుకి

చి. హర్షకు బాబాయి ఆశీస్సులు.

నువ్వు గీసి పంపిన మ్యాప్ చూశాను. అమెరికాలో వర్జీనియా వైపు లౌడన్ కౌంటీ కంకర రోడ్లు, పొటోమాక్ నది అవతలి ఒడ్డున మేరీల్యాండ్‌లో సీ అండ్ ఓ (చెసపీక్ అండ్ ఒహాయో) కాలువ గట్టు, రెండూ ఒకే రోజు సైకిల్ మీద తొక్కేయాలని ప్లాను. ఆష్‌బర్న్‌లో ఉంటూ ఆ ఆశ పుట్టకపోతేనే ఆశ్చర్యం. కానీ మొదటి రెండు నెలలు ఆ రెండూ కలపకు. ఏ శనివారం ఎటు వెళ్లాలో ఆ వారం పడిన వాన చూసి తేల్చుకో.

లౌడన్ కొండ రోడ్లు నడుమ ఎత్తుగా, పక్కలకి వాలుగా ఉంటాయి. నీళ్లు పక్క కాలవల్లోకి జారిపోతాయి. రాత్రి వాన పడినా మర్నాడు మధ్యాహ్నానికి తొక్కొచ్చు. కాలువ గట్టు అలా కాదు. ఒక పక్క పొటోమాక్ నది, ఇంకో పక్క పాత కాలువ, పైన చెట్ల గొడుగు. ఎండ తగలదు, నీరు ఇంకదు. గట్టి వాన పడితే కొన్ని చోట్ల రెండు మూడు రోజులు బంకమట్టే. ఆ మట్టి టైరుకీ ఫ్రేముకీ మధ్య ఇరుక్కుని చక్రాన్ని ఆపేస్తుంది, బలవంతంగా తొక్కితే వెనక గేర్లు మార్చే డిరైలర్ వంగుతుంది. కాబట్టి గురువారం వాన పడితే శనివారం కొండలకి వెళ్లు, వారమంతా పొడిగా ఉంటే గట్టుకి వెళ్లు. జూలై, ఆగస్టు ఎండల్లో గట్టు మీద నీడ దొరుకుతుంది. జనవరి, ఫిబ్రవరిలో మాత్రం కొండ రోడ్లకి తెల్లారే వెళ్లాలి. రాత్రి గడ్డకట్టిన నేల పదకొండు గంటలకి పైపైన కరిగి జావ అయిపోతుంది.

ఇప్పుడు చక్రాల సంగతి. సగం తంటాలు ఇక్కడే. నీ సైకిల్‌కి 40 మిల్లీమీటర్ల టైర్లున్నాయి, చాలు. నీ బరువు 70 కిలోల దగ్గర కాబట్టి ట్యూబ్‌లెస్ అయితే ముందు 32, వెనక 35 పీఎస్ఐతో మొదలుపెట్టు. గట్టు మీదికి రెండేసి తగ్గించు. ట్యూబులు వేసి నడిపితే ఐదేసి పెంచు, లేకపోతే చెట్ల వేళ్లు తగిలినప్పుడు రిమ్ము ట్యూబుని రెండు చోట్ల కొరికేస్తుంది. టైరు పక్కన అచ్చువేసిన పెద్ద అంకె చూసి అంత గాలి కొట్టకు, అది గరిష్ఠ పరిమితి మాత్రమే. అంత గాలితో కంకర మీద సైకిల్ ఎగిరెగిరి పడుతుంది, మలుపులో పట్టు ఉండదు.

చిన్న చిల్లుల్ని పూడ్చే సీలెంట్ ద్రవం ఒక్కో టైరులో 60 మిల్లీలీటర్లు పోయి. మూడు నాలుగు నెలల్లో ఎండిపోతుంది, వేసవిలో ఇంకా ముందే. ట్యూబ్‌లెస్ ఉంది కదా అని ట్యూబు తీసుకెళ్లకుండా బయల్దేరేవాళ్లు చాలామంది. పదునైన రాయి టైరు పక్కని కోస్తే సీలెంట్ ఆపలేదు. అప్పుడు లోపల ట్యూబు వేయాలి, దానికి ముందు ట్యూబ్‌లెస్ వాల్వు బయటికి రావాలి. ఆ వాల్వు కింది గుండ్రటి నట్టుని ఇంట్లో పట్టకారుతో బిగించి ఉంటే దారి మధ్యలో వేళ్లతో ఊడదు. అందుకే దాన్ని ఎప్పుడూ వేళ్లతోనే బిగించు. సంచిలో ఒక ట్యూబు, టైరు ప్లగ్గులు, పంపు, మల్టీటూల్, తెగిన చైను కలపడానికి దానికి సరిపడే క్విక్ లింకులు, డిరైలర్‌ని ఫ్రేముకి తగిలించే హ్యాంగర్ ఒకటి ఉండాలి. హ్యాంగర్ ఒక్కో మోడల్‌కి ఒక్కో ఆకారం, నీ సైకిల్‌దే ముందుగా కొని పెట్టుకో. దుకాణానికి వెళ్తే అప్పటికప్పుడు దొరుకుతుందన్న నమ్మకం లేదు.

కొండలకి పర్సెల్‌విల్ నుంచి మొదలుపెట్టు. పాత రైలు మార్గం మీద వేసిన డబ్ల్యూ అండ్ ఓడీ సైకిల్ దారి చివర పాత రైల్వే స్టేషన్ ఉంటుంది, అక్కడ కారు పెట్టి దక్షిణంగా లింకన్ ఊరికి వెళ్లు. లింకన్ దాటాక సాండ్స్ రోడ్, టేలర్ రోడ్, ఫౌండ్రీ రోడ్ వైపు కంకర మొదలవుతుంది. క్వేకర్లనే క్రైస్తవ శాఖ వాళ్లు స్థిరపడిన ఊరు లింకన్, చుట్టూ రాతి గోడలు, గుర్రాల పొలాలు. ఫిలమాంట్, యూనిసన్ మీదుగా తిరిగొస్తే పాతిక, ముప్పై మైళ్లు. మొత్తం ఎక్కుడు సుమారు 2,000 అడుగులుంటుంది. ఒక్క పెద్ద కొండ ఉండదు. దిగావో లేదో మళ్లీ ఎక్కాలి, పొద్దున్నించీ అదే వరస. ముందు 40 పళ్ల చక్రం, వెనక 42 వరకు ఉంటే కూర్చునే ఎక్కగలవు. నిలబడి తొక్కితే వెనక చక్రం మీద బరువు తగ్గి కంకరలో గిర్రున తిరుగుతుంది.

ఎక్కడం కంటే దిగడమే ప్రమాదం. మలుపు రాకముందే, సైకిల్ నిటారుగా ఉండగానే బ్రేకు వేసి వేగం తగ్గించు. మలుపులో వంగాక ముందు బ్రేకు నొక్కితే చక్రం జారిపోతుంది. రోడ్డు మీద అడ్డంగా గట్లుగట్లుగా అలలు పడి ఉంటాయి, ముఖ్యంగా కార్లు బ్రేకులు వేసే వాలుల్లో. అక్కడ హ్యాండిల్ పిడికిలి బిగించి పట్టకు. వదులుగా పట్టుకుని, సీటు నుంచి కాస్త లేచి, కార్ల చక్రాలు నున్న చేసిన గాడిలో పో. రోడ్డు చదును చేసే గ్రేడరు యంత్రం కొత్తగా నడిచిన రోడ్డు కనపడితే ఆ రోజు దారి మార్చుకో, వదులు రాయి సర్దుకోవడానికి రోజులు పడుతుంది. వాగు నీళ్లు రోడ్డు మీంచి పారుతుంటే లోతు అంచనా వేస్తూ నిలబడొద్దు, వెనక్కి తిరుగు.

గుర్రం ఎదురైతే నెమ్మదించి, దూరం నుంచే గట్టిగా ‘హలో’ అను. మనిషి గొంతు వింటే గుర్రం బెదరదు, వెనక నుంచి చప్పుడు లేకుండా వచ్చే సైకిల్‌కే బెదురుతుంది. గంట కొట్టకు. శరత్కాలంలో, చలికాలంలో జింకల వేట సాగుతుంది, అప్పుడు నారింజ రంగు చొక్కా వేసుకో.

కాలువ గట్టు మీద గంట లేకుండా తొక్కకూడదు, అది ఇప్పుడు జాతీయ పార్కు, అక్కడి నియమం అది. వేగం గంటకి 15 మైళ్లు మించకూడదు. 1828 జూలై 4న తవ్వడం మొదలుపెట్టి, 1850కి కంబర్లాండ్ చేర్చి, 1924 వరకు బొగ్గు పడవలు నడిపిన కాలువ అది. పడవల్ని కంచర గాడిదలు లాగిన గట్టే ఇప్పుడు మనం తొక్కే దారి. మైలురాళ్లు వాషింగ్టన్‌లోని జార్జ్‌టౌన్ నుంచి లెక్క, కంబర్లాండ్ దగ్గర 184.5. మొదటిసారి పాయింట్ ఆఫ్ రాక్స్ దగ్గర, 48వ మైలు నుంచి, దిగువకి ఆరు మైళ్లు వెళ్లు. మొనాకసీ అక్విడక్టు వస్తుంది. కోనసీమలో గన్నవరం అక్విడక్టు చూశావు కదా, ఇదీ అదే పని చేసింది, కాలువని ఏటి మీదుగా దాటించింది. ఏడు ఆర్చీలు, 516 అడుగుల పొడవు. దాని మీద దిగి నడిపించుకుంటూ వెళ్లు. తిరిగొచ్చాక ఓపిక ఉంటే ఎగువకి బ్రన్స్‌విక్ దాకా ఏడు మైళ్లు.

గట్టు చదును కాబట్టి తేలికనుకుంటారు. లాకుల దగ్గర తప్ప ఎత్తుపల్లాలు లేవు, నిజమే. దిగుడు లేదంటే కాళ్లకి విరామం కూడా లేదు. మూడు గంటలు ఒకే భంగిమలో కూర్చుంటే ముందు చేతులు తిమ్మిరెక్కుతాయి, తర్వాత సీటు నొప్పి. ప్రతి లాకు దగ్గరా లేచి నిలబడి ఇరవై సార్లు తొక్కు. ఎండుటాకుల కింద దాగిన చెట్ల వేళ్లు కనపడవు, అక్టోబర్‌లో అవి మరీ మోసం.

ఇక రెండూ కలపడం. నది దాటించే వైట్స్ ఫెర్రీ పడవ 2020 డిసెంబర్‌లో ఆగింది. పాత బ్లాగులు చదివి దాన్ని నమ్ముకుని ప్లాను వేయకు. మిగిలినవి బ్రన్స్‌విక్, పాయింట్ ఆఫ్ రాక్స్ వంతెనలు, రెండింటి మీదా కార్లు జోరుగా పోతాయి. ఆదివారం తెల్లవారుజామున లవెట్స్‌విల్ నుంచి బయల్దేరి, ట్రాఫిక్ మొదలవకముందే బ్రన్స్‌విక్ వంతెన దాటి, గట్టు మీద దిగువకి ఏడు మైళ్లు వచ్చి, పాయింట్ ఆఫ్ రాక్స్ వంతెన మీద వర్జీనియాకి తిరిగిరా. వెంటనే ఫర్నెస్ మౌంటెన్ రోడ్ ఎక్కుడు వస్తుంది, అది దాటితే టేలర్స్‌టౌన్. బ్రన్స్‌విక్‌లో గట్టు చేరడానికి రైలు పట్టాలు దాటాలి, పొడుగాటి గూడ్సు అడ్డంగా నిలబడితే ఓపిక పట్టాలి. వెనక ఎర్ర లైటు పగలు కూడా వెలిగించు.

తిండి సంగతి మీ పిన్ని చెప్పమంది. గంటన్నర దాటే ప్రయాణంలో గంటకి 40 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం పడాలి. పల్లీ చిక్కీలో నూనె ఎక్కువ, నెమ్మదిగా అరుగుతుంది. అది ఆగినప్పుడు తిను, తొక్కుతూ అయితే ఖర్జూరాలు, ఉప్పేసిన ఉడికించిన బంగాళాదుంప ముక్కలు. పులిహోర కారులో ఉంచు. కొండల వైపు దుకాణం ఉంటుందనుకుని వెళ్లకు, రెండు సీసాలు నింపుకో. గట్టు మీద క్యాంపుల దగ్గర చేతిపంపులుంటాయి, నీళ్లలో అయోడిన్ కలుపుతారు. నీకు పర్లేదు గానీ, థైరాయిడ్ మందు వేసుకునే మీ అమ్మని తీసుకెళ్తే ఇంటి నీళ్లే పట్టుకెళ్లు. చలికాలం ఆ పంపుల పిడులు తీసేస్తారు.

కంబర్లాండ్ నుంచి మొత్తం దారి వచ్చే ఏడాది ఆలోచిద్దాం. ఆ క్యాంపుల్లో బస ఉచితమే. ఆ దారిలో వచ్చే పా పా సొరంగం 3,118 అడుగులు, లోపల చీకటి, లైటు వేసుకుని దిగి నడవాల్సిందే.

ఇంటికి రాగానే స్నానానికి ముందు మోకాళ్ల వెనక, నడుం చుట్టూ, చంకల్లో పిడుదులు (టిక్స్) పట్టాయేమో చూసుకో. ఇక్కడి జింక పిడుదు నువ్వుగింజంత ఉంటుంది, లైమ్ జబ్బు తెస్తుంది. సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి తిన్నగా పైకి లాగు, నలపకు, నూనె రాయకు. మూడేసి ఆకులుండే పాయిజన్ ఐవీ అనే దురద తీగ తగిలిందనిపిస్తే వెంటనే సబ్బుతో కడుక్కో, హ్యాండిల్ టేపు కూడా తుడువు, దాని జిడ్డు అక్కడ ఉండిపోయి మళ్లీ వారం దురద పెట్టిస్తుంది.

శుక్రవారం సాయంత్రం సైకిల్ తీసుకుని రా, వాల్వు నట్లు చూద్దాం.

ఆశీస్సులతో,
బాబాయి