ఈసీజీ బాగుందని పడవెక్కించెయ్యకు

చిరంజీవి అమ్మడికి, మావయ్య ఆశీర్వదించి రాయునది.

లంక ఊళ్ళ దగ్గర ఆస్పత్రి పెడుతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. కాకినాడలో ఉద్యోగం వదులుకుని వస్తున్నావంటే గర్వంగానే ఉంది, గుబులుగానూ ఉంది. బోర్డు, మందుల బీరువా, ఇన్వర్టరు సంగతి నీకొకరు చెప్పక్కర్లేదు. ఛాతీలో నొప్పని వచ్చి, పరీక్షలన్నీ బాగున్నాయనిపించుకునే మనిషి గురించే ఈ ఉత్తరం.

మొదటి ఈసీజీ బాగుంటే గుండె బాగున్నట్టు కాదు. నొప్పి ఉన్నంతసేపూ పావుగంటకో అరగంటకో మళ్ళీ తియ్యి. నొప్పి మొదలైన గంటకే ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే రక్తంలో తేలే పదార్థం) చూస్తే ఏమీ దొరక్కపోవచ్చు. మామూలు కిట్టైతే ఆరు గంటలు దాటాక ఇంకోసారి చూడాలి. గుండె వెనక గోడ దెబ్బతింటే మామూలు ఈసీజీ లీడ్లలో (ఒంటికి తగిలించే తీగల్లో) సూటిగా కనపడదు, వీపు మీద వి7, వి8, వి9 లీడ్లు పెట్టు. సాయంత్రం ఆఖరి పడవ వేళకి "నార్మలే" అని పంపేశావనుకో, అర్ధరాత్రి నొప్పి తిరగబెడితే 108 ఇవతలి రేవు దాకానే వస్తుంది. అనుమానం ఉంటే ఆస్పిరిన్ 300 మిల్లీగ్రాములు నమిలించి పెద్దాస్పత్రికి పంపు, లేదా ఆ రాత్రికి నీ కళ్ళముందే ఉంచు. చుట్టాలు విసుక్కుంటారు. విసుక్కోనీ.

ఇక మన వైపు పాత జాడ్యం ఒకటుంది, మందుకి తగ్గినదాన్ని బట్టి జబ్బు తేల్చెయ్యడం. గోళీసోడా తాగాడు, తేనుపొచ్చింది, తగ్గింది, కాబట్టి గ్యాసు! గుండె నొప్పి కూడా తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది. తగ్గే వేళకి సోడా తాగితే పేరు సోడాకొస్తుంది. చదువుకున్నవాళ్ళూ తక్కువ తినలేదు. నాలిక కింద సార్బిట్రేట్, అదే గుండె నాళాల్ని సడలించే మాత్ర, పెడితే తగ్గింది కనక గుండేనంటారు. అన్నవాహిక బిగుసుకున్నా నొప్పి అలాగే వస్తుంది, ఆ మాత్ర దాన్నీ సడలిస్తుంది. రెండూ సాక్ష్యాలు కావు. ఏం చేస్తుంటే వచ్చింది, ఎంతసేపుంది, మెట్లెక్కితే వస్తోందా, వంగితే వస్తోందా, గట్టిగా ఊపిరి పీలిస్తే గుచ్చుతోందా అని అడుగు. చెప్పేది పూర్తిగా విను, మధ్యలో చీటీ రాయకు.

గుండె కాదని తేలాక, ఎక్కువగా దొరికేది అన్నవాహికలోకి ఎగదన్నే ఆమ్లం. రాత్రి పొద్దుపోయి తిని వెంటనే నడుం వాల్చేవాళ్ళలో చూస్తావు. మంచం తలవైపు కోళ్ళ కింద జానెడు ఎత్తు ఇటుకలు పెట్టమను, దిళ్ళు పేర్చితే లాభం లేదు. భోజనానికీ పడకకీ మూడు గంటల ఎడం ఉండాలి. ఆమ్లం తగ్గించే పాంటాప్రజోల్ పరగడుపున, టిఫినుకి అరగంట ముందు; తిన్నాక వేసుకుని పనిచెయ్యలేదంటారు.

కొబ్బరి దింపువాళ్ళూ, చెరువుల్లో వల లాగేవాళ్ళూ వస్తే రొమ్ము ఎముక పక్కన ఒక్క వేలితో నొక్కి చూడు. రెండు నుంచి ఐదో పక్కటెముక దాకా, ఎముకకీ మృదులాస్థికీ అతుకు దగ్గర "అదే, అదే నొప్పి" అంటారు. అప్పుడది గుండెది కాక ఆ అతుకు నొప్పి కావచ్చు. అయినా షుగరు, బీపీ ఉన్న మనిషైతే ఆ వేలి మాట ఒక్కటే నమ్మకు. ఒకవైపే పట్టీలా మంటగా ఉంటే సర్పి కావచ్చు, పొక్కులు లేచేలోపే కొన్ని రోజులు నొప్పి ఉంటుంది. చొక్కా విప్పించి చూడు, రెండ్రోజులాగి మళ్ళీ చూడు. కుడి డొక్కలోంచి భుజానికి పాకితే పిత్తాశయానికి స్కానింగ్. కాలు వాచి, ఉన్నట్టుండి ఆయాసమొస్తే ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డ కావచ్చు. వీపులోకి చీల్చినట్టుంటే రెండు చేతులకీ బీపీ చూడు, 20 దాటి తేడా ఉంటే మహాధమని చీలిందేమో. ఈ రెంటికీ నీ దగ్గర పనిలేదు, వెంటనే బండెక్కించు.

ఆడవాళ్ళ సంగతి మాత్రం గట్టిగా చెబుతున్నా. ముట్లాగిన ఆవిడ, నడిస్తే బరువంటుంది, యాంజియో (గుండె నాళాల్లోకి రంగు మందు పంపి తీసే ఎక్స్‌రే) బాగుంటుంది, ఇంట్లోవాళ్ళు "దిగులు" అని కొట్టిపారేస్తారు. నువ్వూ ఆ మాట అన్నావంటే చెవి మెలేస్తాను. యాంజియోలో కనపడేవి పెద్ద నాళాలే. ధవళేశ్వరం నుంచి పెద్దకాలువ నిండా నీళ్ళొచ్చినా బోదె పూడితే చేను ఎండుతుంది; సన్న నాళాల జబ్బూ అంతే. షుగరు, బీపీ, కొలెస్టరాల్ అదుపులో పెట్టి, గుండె డాక్టరుతో మాట్లాడి మందు మొదలుపెట్టు. రక్తహీనత ఉన్నా నడిస్తే ఇదే నొప్పి, హిమోగ్లోబిన్ ముందే చూసుకో. తెల్లవారుజామున పడుకునుండగా వచ్చిపోయే నొప్పైతే నాళం ముడుచుకోవడం కావచ్చు. దానికి బీటా బ్లాకర్ (గుండె వేగం తగ్గించే మందు) ఇస్తే ఎక్కువవ్వచ్చు.

నిజంగా భయంవల్లే వచ్చినా, వేళ్ళు తిమ్మిరెక్కి పది నిమిషాల్లో పతాకస్థాయికి పోయే నొప్పి అయినా, నొప్పి అబద్ధం కాదు. "ఏమీ లేదమ్మా" అనకు. "గుండెపోటు కాదు, ఇది కావచ్చు, ఇలా అయితే వెంటనే రా" అను.

ఇంకోటి, నొప్పి లేనప్పటి ఈసీజీ ప్రతివాళ్ళ దగ్గరా ఒకటుండాలి, రేపు తేడా పోల్చుకోడానికి. ఆ కాగితం వేడికి వెలిసిపోతుంది. జిరాక్సు తీయించి ఇవ్వు.

మీ మావయ్య
అమలాపురం